సాక్షి తీగ

కళ్ళ డాక్టరు గారి ఆసుపత్రిలో ఏసీ గట్టిగా పనిచేస్తోంది. బిలాస్‌పూర్ సర్కండా పేటలో ఆ ఆసుపత్రి కొత్తగా పెట్టారు. నర్సు నా భార్య కనకం కళ్ళలో చుక్కలు వేసి, అరగంట కళ్ళు మూసుకుని కూర్చోమంది. నేను పక్క కుర్చీలో కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. చొక్కా జేబులోని సాక్షి తీగను తీసి వేళ్ళ మధ్య వంచాను.

వంచి వదిలేశాను. తీగ తిన్నగా కాలేదు.

మళ్ళీ చూశాను. బెత్తెడు తీగ, వెంట్రుక కన్నా కాస్త లావు. నడుమ వంగి, కొక్కెంలా అలాగే ఉండిపోయింది. నిన్న మధ్యాహ్నం ఇదే తీగను షెడ్డులో పదిసార్లు వంచాను. వదిలిన ప్రతిసారీ టప్పున తిన్నగా నిలబడింది. అలా నిలబడిందనే, సరుకు బాగుందని చెప్పే చీటీ మీద సంతకం పెట్టాను.

"ఏటయ్యా, ఉలకవు పలకవు?" అంది కనకం, కళ్ళు మూసుకునే.

"ఏటీ నేదు."

లేచి తలుపు తోసుకుని బయటి మెట్ల మీదకు వచ్చాను. మే నెల, పన్నెండున్నర ఎండ. తీగను అరచేతిలో పెట్టుకుని చూస్తూ నిలబడ్డాను. కొక్కెం మెల్లగా విచ్చుకుంది. ఎవరో రెండు కొసలూ పట్టి లాగుతున్నట్టు దూరం జరిగి, తీగ తిన్నగా అయింది. నేను దాన్ని ముట్టుకోలేదు.

లోపలికి వెళ్ళి వంచాను. వంగినట్టే ఉంది. బయటికి తెచ్చాను. తిన్నగా అయింది. మూడోసారి తలుపు తీస్తుంటే గార్డు, "క్యా హువా బాబా, లోపలికి బయటికి తిరుగుతున్నావు?" అని హిందీలో అడిగాడు.  తీగను మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

ఈ తీగ సంగతి చెప్పాలి. రైల్వే కాలనీ వెనక రవిచంద్రకు చిన్న షెడ్డు ఉంది. మూత్రపిండాల్లో రాళ్ళు తీసే బుట్టలు అక్కడ తయారవుతాయి. బుట్ట అంటే పెద్దదేమీ కాదు. నికెలూ టైటానియమూ కలిసిన నాలుగు సన్నని తీగలు, కొసన శనగగింజంత ఉబ్బి ఉంటాయి. డాక్టరు దాన్ని సన్నని గొట్టంలో ముడిచి ఒంట్లోకి పంపుతాడు. రాయి దగ్గరకు చేరాక గొట్టాన్ని వెనక్కి లాగితే, బుట్ట దానంతటదే విచ్చుకోవాలి. విచ్చుకుని రాయిని పట్టుకోవాలి. విచ్చుకోకపోతే రాయి జారిపోతుంది. మడతపడ్డ తీగ లోపలి గోడను గీరుతుంది కూడా. ఈ మాట రవిచంద్ర నాకు మొదటి రోజే చెప్పాడు.

నేను పలాస దగ్గర పల్లెలో ఏడో తరగతి వరకు చదివి, పంతొమ్మిదో ఏట బిలాస్‌పూర్ వచ్చాను. వ్యాగన్ల షెడ్డులో స్ప్రింగుల ఫర్నేసు మీద ముప్పై తొమ్మిదేళ్ళు పనిచేశాను. రవిచంద్ర తండ్రి కామేశ్వరరావు గారు అక్కడ నా పై అధికారి. నేను రిటైరయ్యాక ఈ అబ్బాయే ఇంటికి వచ్చి, "బాబాయ్, నిప్పు తెలిసిన మనిషి కావాలి" అని తీసుకెళ్ళాడు.

అచ్చులో బిగించిన తీగల్ని ఐదు వందల డిగ్రీల్లో పది నిమిషాలు ఉంచి, తీసి నీళ్ళలో ముంచాలి. అంతే పని. ట్రే పెట్టినప్పుడల్లా ఒక బెత్తెడు తీగను విడిగా పక్కన పెడతాను. స్ప్రింగుల షెడ్డులో నేర్చిన అలవాటు అది. బుట్టలకు నిప్పులో ఏం జరుగుతుందో దానికీ అదే జరుగుతుంది. అందుకే దాన్ని సాక్షి అంటాం. సరుకు చేరిందని కబురు వచ్చేదాకా నా జేబులోనే ఉంటుంది.

నిన్నటి ట్రేలో అరవై బుట్టలు. ఇవాళ రెండు గంటల ఐదు నిమిషాల బండికి అవి నాగపూర్ ఆసుపత్రికి వెళ్తున్నాయి. ఇంతకు ముందు పంపిన మూడు విడతలూ చలికాలంలో చేసినవి. నాగపూర్ వాళ్ళు ఒక్కోటీ పరీక్షించుకుని తీసుకున్నారు. ఈసారి తొందరలో ఉన్నామని, మీ చీటీ చాలునని అన్నారు. చీటీ మీద ఉన్నది నా పేరు.

గోడ గడియారం పన్నెండూ నలభై చూపిస్తోంది. రవిచంద్రకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది.

"కనకం, నాను టేసన్‌కి ఎల్లాలి."

"ఇదేటి? కళ్ళలో సుక్కలేసేరు, నాకేటీ కనపడ్డం నేదు. నన్నిక్కడ ఒగ్గేసి ఎల్తావేటి?"

"అచ్చియమ్మకి ఫోన్ సేస్తాను. వొచ్చి తీసుకెల్తాది."

"అంత కొంపేటి ములిగిపోనాది?"

"బుట్టలు పాడయిపోనాయి."

"పోతే మళ్ళీ సేసుకోండి."

"మనుసుల లోపలికెల్లే బుట్టలు, కనకం."

కనకం మూసిన కళ్ళతోనే నా వైపు తిరిగింది. "మరింకా నిలబడి నాతో కబుర్లేటి? ఎల్లు" అంది.

ఆటోలో కూర్చోగానే పక్కింటి అచ్చియమ్మకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. మళ్ళీ రవిచంద్రకు చేశాను. ఎత్తలేదు. అర్పా వంతెన మీద బళ్ళు ఆగిపోయి ఉన్నాయి. కింద నదిలో నీళ్ళు లేవు, ఇసుక తెల్లగా మండుతోంది. షెడ్డుకు ఫోన్ చేస్తే ప్రత్యూష ఎత్తింది. బుట్టలు పరీక్షించే అమ్మాయి. ఇంజనీరింగు చదివింది. ఇక్కడే పుట్టి పెరిగింది, తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం రాదు.

"బోలియే అంకుల్."

"రవేడీ?"

"సర్ పార్సెల్ ఇవ్వడానికి స్టేషన్‌కి వెళ్ళారు. ఫోన్ స్కూటర్ డిక్కీలో పడేస్తారు కదా, ఆయన ఆదత్ అది."

"నిన్నటి బుట్టలు నువ్వెన్ని సూసేవు?"

"సాఠ్ మే సాఠ్. అరవైకి అరవై, అంకుల్. నీళ్ళలో పెట్టి గొట్టం లాగితే ఏక్‌దమ్ విచ్చుకున్నాయి."

"ఏ నీల్లు?"

"ట్యాప్ నీళ్ళు. పేపర్లో రూమ్ టెంపరేచర్ అని రాసుంది కదా."

షెడ్డు మీద నల్ల ట్యాంకు ఉంది. ఈ నెలలో మధ్యాహ్నం పూట దాని కుళాయి కింద చెయ్యి పెట్టలేం.

"ఆ నీల్లెంత ఏడిగున్నాయి?"

"గరమ్ తో హై, వేడిగానే ఉన్నాయి, మే నెల కదా..." అని ఆగింది. "ఎందుకంకుల్?"

"రిజిస్టర్ తియ్యి. నిన్న పదకొండుకి నానేటి రాసేనో సూడు."

కాగితాలు తిరగేసిన చప్పుడు. "ఫైవ్ హండ్రెడ్, టెన్ మినిట్స్. అదే కంప్యూటర్లో ఎక్కించాను."

"పక్కన తెలుగులో?"

"అది నాకు చదవడం రాదు కదా. ఎప్పుడూ నంబర్లే చూస్తాను. ఏం రాశారంకుల్?"

ఏం రాశానో నాకు గుర్తే. 'కరెంటు పోయింది. నలభై నిమిషాలు. తలుపు తియ్యలేదు.'

తలుపు తియ్యకపోవడం గొప్ప సంగతి అనుకునే రాశాను. స్ప్రింగుల షెడ్డులో మాకు నేర్పిన మొదటి పాఠం అది. కరెంటు పోతే ఫర్నేసు తలుపు ముట్టుకోకూడదు. గాలి తగిలితే ఒక పక్క చల్లారి స్ప్రింగు వంకర తిరుగుతుంది. లోపలే ఉంచితే ఉక్కుకు ఏమీ కాదు, ఇంకో గంట ఎక్కువైనా ఓర్చుకుంటుంది. నిన్న కరెంటు పోయినప్పుడు నేను ఆలోచించలేదు. నా చెయ్యి తలుపు గడియ మీదికి వెళ్ళి, బిగించి వచ్చింది. ఇటుకలు వేడిని పట్టి ఉంచాయి. సూది ఐదు వందల నుంచి నాలుగు వందల ఇరవైకి దిగడానికి ఆ నలభై నిమిషాలూ పట్టింది. కరెంటు రాగానే మళ్ళీ ఐదు వందలకు తెచ్చి, లెక్కగా పది నిమిషాలు ఇచ్చాను.

ఫిబ్రవరిలో రవిచంద్ర నాకు చెప్పే ఉన్నాడు. "బాబాయ్, ఈ తీగ ఉక్కు లాంటిది కాదు. దీనికి ఎక్కువసేపు కూడా తప్పే. నాలుగైదు వందల మధ్య నానితే లోపల నికెల్ విడిపోతుంది, దాని గుణం మారిపోతుంది." విన్నాను. తల కూడా ఊపాను.

"అంకుల్? లైన్లో ఉన్నారా?"

"ఫ్రిజ్జులో నీల్లు తీసి, నీ దగ్గర మిగిలిన ముక్కలేవైనా ఉంటే వంచి సూడమ్మా" అన్నాను. మిగిలిన ముక్కలు లేవంది. ఆ ట్రేలోవి పెట్టెలోని అరవై, నా జేబులోని ఒకటి. అంతే.

స్టేషన్ దగ్గర ఆటో దిగేసరికి ఒకటీ నలభై.

పార్సెల్ ఆఫీసు వరండాలో రవిచంద్ర రశీదు మడిచి పర్సులో పెట్టుకుంటున్నాడు. బుకింగ్ కిటికీ దగ్గర శివాజీ ఉన్నాడు, మా కాలనీ మనిషే. మా అట్టపెట్టె మిగతా మూటలతో పాటు తోపుడుబండి మీదికి ఎక్కేసింది.

"బాబాయ్! మీరేంటిక్కడ? పిన్ని కళ్ళు చూపించలేదా?"

"పెట్టె ఆపు."

"ఏమైంది?"

జేబులోంచి తీగ తీసి వంచాను. వదిలాను. టప్పున తిన్నగా నిలబడింది.

రవిచంద్ర తీగ వైపు, నా వైపు చూశాడు. "బాగానే ఉంది కదా."

"ఏసీలో వంగిపోనాది. అలాగే ఉండిపోనాది."

"ఏ ఏసీ?"

మళ్ళీ వంచాను. మళ్ళీ టప్పు. ఆ చప్పుడంటే నాకు ప్రాణం. ఇప్పుడది ఊరందరి ముందు నన్ను అబద్ధాలకోరును చేస్తోంది.

శివాజీ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏటి మామా, మిట్టమధ్యాన్నం తీగాట మొదలెట్టేవు? టికెట్టు పెడితే నానూ వొస్తాను."

"బాబాయ్, ఎండలో పడి వచ్చారు. కూర్చోండి" అన్నాడు రవిచంద్ర. భుజం మీద చెయ్యి వేశాడు. "ప్రత్యూష అరవైకి అరవై చూసింది. మీరూ చూశారు."

"ఏడినీల్లల్లో సూసినాది."

"అంటే?"

నాకు చెప్పడం రాదు. ఆ మాట నా చేతికి తెలుసు, నోటికి తెలియదు. బండి మూడో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని మైకులో చెప్పారు. కూలీలు తోపుడుబండిని కదిలించారు.

చల్లనిది కావాలి నాకు. రవిచంద్ర సంచిలోంచి నీళ్ళ సీసా లాగి పట్టుకు చూశాను. టీ పెట్టుకోవచ్చు దాంతో. వరండా చుట్టూ చూశాను. గోడ వారన పొద్దున్న కోస్తా నుంచి దిగిన చేపల పెట్టెలు నాలుగు ఉన్నాయి. తెల్లని థర్మాకోలు పెట్టెలు, అడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. వెళ్ళి ఒకదాని టేపు గోటితో చీల్చి మూత ఎత్తాను.

"ఓ మామా! అది పార్టీ సరుకు! ఏటి సేస్తన్నావు?" శివాజీ కుర్చీ తోసుకుని లేచాడు.

మోచేతి దాకా మంచులో ముంచాను. చేపల పొలుసులు వేళ్ళకు తగులుతున్నాయి. మంచునీళ్ళలోనే తీగను వంచాను. వేళ్ళలో అది మెత్తగా, సీసపు తీగలా వంగింది. దోసెడు మంచు మీద దాన్ని అలాగే పెట్టి రవిచంద్ర ముఖం ముందుకు తెచ్చాను.

"ఇప్పుడు సూడు."

మంచు మీద తీగ కొక్కెంలా పడి ఉంది. రవిచంద్ర వేలితో పొడిచాడు. కదిలింది గాని విచ్చుకోలేదు. దాన్ని రెండు వేళ్ళతో తీసి గాల్లో పట్టుకున్నాడు. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత కొసలు కదిలాయి. అతని కళ్ళ ముందే మెల్లగా తిన్నగా అయింది. 

"నిన్న కరెంటు ఎంతసేపు పోయింది?"

"నలబై నిమిసాలు."

"ట్రే బయటికి తీశారా?"

"నేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"రిజిస్టర్లో రాసేను."

 ఆ రిజిస్టరు రోజూ అతని బల్ల మీదే ఉంటుంది. నేను రాసిన అక్షరాలు అతనికీ రావు. అంకెలు చూసి సంతకం చేస్తాడు.

"సున్నా డిగ్రీల్లో, మంచులో పెట్టినా విచ్చుకోవాలి" అన్నాడు తనలో తాను. "ఇప్పుడు ఆ విచ్చుకునే వేడి ముప్పై ఏడో, ముప్పై ఎనిమిదో అయి కూర్చుంది. మన షెడ్డు నలభై మూడు. అందుకే మనకు బాగానే కనపడింది."

మూడో నంబరు మీద బండి వచ్చి ఆగింది. నేల అదిరింది.

"పద" అన్నాను.

రవిచంద్ర కదల్లేదు. "బాబాయ్, ఒంట్లో ముప్పై ఏడుంటుంది. లోపలికి వెళ్ళాక దాదాపు విచ్చుకుంటాయి."

"దాదాపా?"

"ఒక మాట చెప్తున్నాను..."

"ఆపరేసన్ గదిలో ఎంతుంటాది? బుట్టతో పాటు లోనికి వొదిలే ఉప్పునీల్లు ఎంతుంటాయి? నువ్వే సెప్పేవు నాకు."

అతను రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. "ఇవాళ ఆపితే ఎందుకు ఆపావని అడుగుతారు. మీ చీటీ తప్పని చెప్పాలి. ఇక మీదట మీ సంతకం ఎవరూ నమ్మరు. నా షెడ్డునూ నమ్మరు. మూడేళ్ళు పట్టింది బాబాయ్, ఆ ఒక్క చీటీ చాలు అనిపించుకోవడానికి."

"నమ్మరు" అన్నాను.

 మంచు కింద పడేసి ప్లాట్‌ఫారం వైపు నడిచాను. నడక పరుగైంది. నాకు అరవై మూడేళ్ళు.  వెనకాల శివాజీ ఏదో అరుస్తున్నాడు.

పార్సెల్ బోగీ బండి చివర ఉంది. కూలీలు మూటలు లోపలికి విసురుతున్నారు. మా అట్టపెట్టె అప్పటికే లోపల, బట్టల మూటల మీద కనపడుతోంది. దాని మీద ప్రత్యూష అంటించిన ఎర్ర కాగితం ఉంది.

"వో డబ్బా ఉతారో" అన్నాను లోపలున్న మనిషితో.

"రసీద్ దిఖావ్, బాబా."

రశీదు రవిచంద్ర పర్సులో ఉంది. అది లేకుండా పెట్టె దింపరు. నేనైనా దింపనిచ్చేవాణ్ణి కాదు. లోపలి మనిషి చివరి మూట లాక్కుని తలుపు మూయబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"హాథ్ హటావ్!"

తియ్యలేదు. ఇనుప తలుపు ఎండకు కాలిపోయి ఉంది, అరచెయ్యి చుర్రుమంటోంది. బండి చివర నుంచి గార్డు నన్ను చూసి విజిల్ వేశాడు. ముప్పై తొమ్మిదేళ్ళ సర్వీసులో నా వల్ల ఏ బండీ నిమిషం ఆలస్యం కాలేదు. చుట్టూ జనం చేరారు. ఎవరో నా నడుం పట్టుకుని వెనక్కి లాగారు. రెండో చెయ్యి కూడా తలుపుకు పెట్టాను. లోపలి మనిషి నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. ఒక చేతి పట్టు ఊడిపోయింది.

"రుకో! రశీదు ఇక్కడుంది!"

రవిచంద్ర గొంతు. జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. చొక్కా బయటికి వచ్చేసింది, చెప్పు ఒకటే ఉంది. రశీదును లోపలి మనిషి ముఖం మీద పెట్టినంత పని చేశాడు. "నా సరుకే. బుకింగ్ రద్దు. దింపండి."

వెనకే వచ్చిన శివాజీ రొప్పుతూ, "ఉతార్ దే భయ్యా, నాను సంతకం పెడతాను" అన్నాడు, సగం హిందీ సగం తెలుగు.

పెట్టె నా చేతుల్లోకి వచ్చింది. తలుపు మూసుకుంది. బండి కదిలింది.

రవిచంద్ర ప్లాట్‌ఫారం మీద వంగి మోకాళ్ళు పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. నా వైపు చూడలేదు. ముగ్గురం వరండాకు వచ్చాం. శివాజీ నేను చీల్చిన చేపల పెట్టెకు టేపు వేస్తూ, "సేపలోడొచ్చి అడిగితే ఎలక కొట్టిందంటాను. నీయంత ఎలక" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. టేపు వేయబోతున్నవాడిని ఆపి, దోసెడు మంచు ఇమ్మన్నాను. మా పెట్టె విప్పి ఆరు బుట్టలు తీసి, ఒక్కోటీ మంచులో ముడిచి చూశాం. ఆరూ ముడుచుకునే ఉండిపోయాయి. ఏడోది రవిచంద్ర తియ్యలేదు.

స్కూటర్ డిక్కీలోంచి ఫోన్ తెచ్చి నాగపూర్‌కు కలిపాడు. స్పీకరు పెట్టాడు. "సర్, ఇవాళ సరుకు పంపడం లేదు. చిన్న టెక్నికల్ ఇబ్బంది..." అని హిందీలో మొదలుపెట్టాడు.

అవతలి మనిషి మధ్యలోనే ఆపాడు. ఎల్లుండికి ముగ్గురు రోగులకు సమయం ఇచ్చి ఉన్నారట. చిన్నది అంటే ఎంత చిన్నది, ఎన్ని బుట్టలకు వచ్చింది అని అడిగాడు.  రవిచంద్ర చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను.

"అన్నింటికీ" అన్నాను హిందీలో. "తప్పు నాది. ఫర్నేసులో ఎక్కువసేపు ఉంచేశాను. వేడిలో చూసి బాగున్నాయని రాశాను. చల్లటి నీళ్ళలో విచ్చుకోవడం లేదు."

"ఎవరు మాట్లాడేది?"

"సూర్యం. చీటీ మీద ఉన్న పేరు."

 "ముందు పంపినవి?" అన్నాడు.

"అవి చలికాలంలో చేశాం. మీరే చూసుకున్నారు. అనుమానముంటే మంచునీళ్ళలో మళ్ళీ చూడండి."

"కొత్తవి ఎప్పుడిస్తారు?"

రవిచంద్ర ఒక వేలు ఎత్తి చూపించాడు. రేపు అని చెప్పమంటున్నాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"మంచులో ఒక్కోటీ చూశాక" అన్నాను.

ఆయన అప్పుడు తిట్టడం మొదలుపెట్టాడు. ముగ్గురి పేర్లూ చెప్పాడు, వాళ్ళెంత దూరం నుంచి వస్తున్నారో చెప్పాడు, నా వయసు అడిగాడు, కళ్ళు సరిగ్గా కనిపిస్తాయా అని అడిగాడు. రవిచంద్ర ఫోన్ కోసం చెయ్యి చాచాడు. నేను ఇవ్వలేదు. స్పీకరు ఆపి చెవికి పెట్టుకుని, ఆయన చెప్పడం పూర్తయ్యేదాకా విన్నాను.